పిల్లల అలర్జీ ఇమ్యునోథెరపీ: ఒంట్లో ఏ కణం ఎప్పుడు మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లాడికి అలర్జీ ఇంజెక్షన్లు (ఇమ్యునోథెరపీ, అంటే పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఒంటికి అలవాటు చేసే చికిత్స) మొదలుపెడదామని డాక్టరు అనగానే ఇంట్లో మొదలయ్యే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎన్నేళ్లు, ఎంత ఖర్చు, నొప్పి ఉంటుందా అన్నవి డాక్టరు చెప్పేస్తారు. లోపల ఏం జరుగుతుందో మాత్రం ఓపీ రద్దీలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేరు. అది తెలియకపోవడం వల్లే చాలామంది మధ్యలో ఆపేస్తున్నారని నా అభిప్రాయం. నేను ల్యాబ్ వైపు మనిషిని, మందులు రాసేవాణ్ని కాదు. మీ పిల్లల డోసు సంగతి వాళ్ల డాక్టరుతోనే తేల్చుకోండి.

అసలు అలర్జీ ఉన్న పిల్లల ఒంట్లో ఏం తేడా ఉంటుంది?

మన దగ్గర ఎక్కువగా కనిపించే ఇంటి దుమ్ము అలర్జీనే తీసుకుందాం. పరుపుల్లో, దిండ్లలో మైట్లు అనే కంటికి కనిపించని అతి చిన్న పురుగులు ఉంటాయి. గొడవంతా వాటి మలంలో ఉండే డెర్ పీ 1 లాంటి ప్రోటీన్లతో. డెర్ పీ 1 ఒక ఎంజైము కూడా, ముక్కు లోపలి పొరలో కణాల మధ్య అతుకుల్ని కొరుకుతుంది. అలా లోపలికి జారిన ప్రోటీన్‌ని డెండ్రిటిక్ కణాలు పట్టుకుని లింఫు గ్రంథికి తీసుకెళ్లి టీ కణాలకు (రోగనిరోధక వ్యవస్థని నడిపించే ఒక రకం తెల్లకణాలకు) చూపిస్తాయి. మామూలు పిల్లల్లో ఆ టీ కణాలు పెద్దగా పట్టించుకోవు. అలర్జీ ఉన్న పిల్లల్లో మాత్రం అవి టీహెచ్2 అనే రకంగా మారి ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాలు పంపుతాయి, వాటిని అందుకున్న బీ కణాలు ఐజీఈ అనే రకం యాంటీబాడీలు తయారుచేస్తాయి.

ఈ ఐజీఈ వెళ్లి చర్మంలో, ముక్కు పొరలో ఉండే మాస్ట్ కణాల మీద, రక్తంలోని బేసోఫిల్స్ మీద కూర్చుంటుంది. మళ్లీ అదే దుమ్ము తగిలి పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలను కలిపిందంటే నిమిషాల్లో హిస్టమిన్ అనే రసాయనం బయటికొస్తుంది, తుమ్ములు, దురద, నీళ్లు కారడం మొదలు. అక్కడితో అయిపోదు. టీహెచ్2 కణాలు పంపే ఐఎల్-5 అనే సంకేతం వల్ల ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు చేరి, కొన్ని గంటల తర్వాత రెండో దెబ్బ కొడతాయి. సాయంత్రం దుమ్ములో ఆడిన పిల్లాడికి రాత్రి ఆయాసం రావడం వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

పడని దాన్నే ఒంట్లోకి ఎక్కించడమేంటండీ?

అందరికీ వచ్చే అనుమానమే. 1911లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లియోనార్డ్ నూన్ అనే డాక్టరు గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి "హే ఫీవర్" (జ్వరం లేని పుప్పొడి అలర్జీ) తగ్గుతోందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. ఆయన తర్వాత జాన్ ఫ్రీమన్ ఆ పని కొనసాగించాడు. అప్పటికి ఐజీఈ అనేది ఒకటుందని కూడా ఎవరికీ తెలియదు, అది బయటపడింది 1960లలో, అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిక్ విడివిడిగా చేసిన పనితో. అంటే అర్ధ శతాబ్దానికి పైగా, ఎందుకు పనిచేస్తుందో తెలియకుండానే వాడారన్నమాట.

ఇప్పుడు తెలిసింది ఏంటంటే, ఒకే ప్రోటీన్ ఎంత మోతాదులో, ఏ దారిలో, ఎంత తరచుగా కనిపించింది అన్నదాన్ని బట్టి టీ కణాల నిర్ణయం మారుతుంది. ముక్కు పొర దెబ్బతిన్న చోట అప్పుడప్పుడూ, అతి కొద్దిగా తగిలితే కయ్యం. చర్మం కింద గానీ నాలుక కింద గానీ క్రమంగా పెంచుతూ, పద్ధతిగా, ఏళ్ల తరబడి అందితే సర్దుబాటు.

మొట్టమొదట మారే కణాలు ఏవి?

మాస్ట్ కణాలు, బేసోఫిల్స్. వీటిలో మార్పు తొలి డోసులతోనే, కొన్నిసార్లు గంటల్లోనే కనిపిస్తుంది. తేనెటీగ, కందిరీగ విషానికి ఇచ్చే చికిత్సలో బేసోఫిల్స్ మీద హెచ్2 అనే రిసెప్టర్లు పెరిగి, కణం తొందరపడకుండా అడ్డుకుంటాయని చూశారు.

దీన్ని కళ్లారా చూసే పరీక్ష ఒకటుంది. బేసోఫిల్ యాక్టివేషన్ టెస్ట్ అంటారు. పిల్లాడి రక్తం కొంచెం తీసుకుని అందులో మైట్ సారం కలిపి, ఒంటి వేడి దగ్గర కాసేపు ఉంచుతారు. హిస్టమిన్ సంచులు కణం అంచుకి వచ్చి పగిలినప్పుడు, అంతవరకూ లోపల దాక్కున్న సీడీ63 అనే ప్రోటీన్ కణం పైకి తేలుతుంది. దానికి రంగు అంటించి లేజర్ ముందు నుంచి ఒక్కో కణాన్నీ పంపిస్తే, స్క్రీన్ మీద చుక్కల గుంపు కనిపిస్తుంది. అలర్జీ ఉన్న రక్తమైతే ఆ గుంపులో పెద్ద భాగం కుడివైపుకి, అంటే సీడీ63 ఎక్కువున్న వైపుకి, ఎగబాకుతుంది. చికిత్స బాగా నడిచిన చాలామందిలో, అదే మోతాదు సారం పోసినా చుక్కలు ఎడమవైపే ఉండిపోతాయి, ఎగబాకాలంటే సారం ఇంకా ఎక్కువ పోయాలి. మన దగ్గర ఇది మామూలు ల్యాబుల్లో చేసే పరీక్ష కాదు, అవసరం కూడా లేదు. లోపల ఏమవుతోందో చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదని రాశాను.

ఆరు నెలల తర్వాత రక్తపరీక్ష చేయిస్తే ఐజీఈ పెరిగింది. మందు వికటించినట్టేనా?

కాదు. ఇంజెక్షన్లు ఆపేయడానికి నేను విన్న కారణాల్లో అన్నిటికంటే అన్యాయమైనది ఇదే. చికిత్స మొదట్లో ఆ అలర్జీకి సంబంధించిన ఐజీఈ పెరగడం మామూలే. మీరు ఎక్కిస్తున్నది ఆ ప్రోటీన్‌నే కదా, అప్పటికే దాన్ని గుర్తుపట్టే కణాలు ఊరుకుంటాయా? ఆ పెరుగుదల తాత్కాలికం, ఆ తర్వాత నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిగా దిగుతుంది. కొందరిలో పెద్దగా దిగకపోయినా పిల్లాడు హాయిగానే ఉంటాడు. చర్మం మీద చేసే ప్రిక్ టెస్టు కూడా అంతే, లక్షణాలు పోయాక కూడా దద్దురు వస్తూనే ఉండొచ్చు.

కాబట్టి మధ్యమధ్యలో ఐజీఈ పరీక్ష చేయించి టెన్షన్ పడటం వల్ల డబ్బు ఖర్చు తప్ప ప్రయోజనం లేదు. "టోటల్ ఐజీఈ" సంగతైతే చెప్పక్కర్లేదు, కడుపులో నులిపురుగులున్నా, ఎగ్జిమా ఉన్నా అది ఎక్కువే ఉంటుంది.

టీ-రెగ్ కణాలు అంటారు కదా, అవి ఏం చేస్తాయి?

అసలు కథ వీటిదే. రెగ్యులేటరీ టీ కణాలు మన రోగనిరోధక వ్యవస్థలో సర్దిచెప్పే రకం. వీటిలో కొన్ని ఫాక్స్‌పీ3 అనే జన్యువు నడిపేవి, కొన్ని అవసరం వచ్చినప్పుడు తయారయ్యేవి. ఇమ్యునోథెరపీలో ఆ ఫలానా దుమ్మునో పుప్పొడినో గుర్తుపట్టే టీ-రెగ్‌లు పెరుగుతాయి. అవి ఐఎల్-10, టీజీఎఫ్-బీటా అనే సంకేతాలు వదులుతాయి. ఆ రెండింటి వల్ల టీహెచ్2 కణాలు నెమ్మదిస్తాయి, మాస్ట్ కణాలు, ఇసినోఫిల్స్ అంత తేలిగ్గా రెచ్చిపోవు, డెండ్రిటిక్ కణాలు కూడా గొంతు తగ్గిస్తాయి, బీ కణాలు ఐజీఈ నుంచి ఐజీజీ4 అనే మరో రకం యాంటీబాడీ వైపు మళ్లుతాయి. బీ కణాల్లోనూ ఐఎల్-10 వదిలే రకం ఒకటుంది, అదీ ఈ పనిలో చెయ్యేస్తుంది.

ఇవి ఏ వరుసలో జరుగుతాయన్నది తెలుసుకోవాల్సిన విషయం. గడ్డి పుప్పొడి ఇంజెక్షన్లు తీసుకున్న పెద్దవాళ్లని వారాల వారీగా గమనించిన ఒక అధ్యయనంలో ఐఎల్-10 రెండు నుంచి నాలుగు వారాలకే పెరిగింది, గంటల తర్వాత వచ్చే ఆ రెండో దెబ్బ అప్పుడే తగ్గడం మొదలైంది. ఐజీజీ4 మాత్రం ఆరు నుంచి పన్నెండు వారాలకు గానీ పైకి రాలేదు, వెంటనే వచ్చే దద్దురు తగ్గింది కూడా అప్పుడే. అలర్జీని నడిపించే టీహెచ్2 కణాలు ఆ తర్వాత నెలల్లో తగ్గుతాయి. కొన్ని చచ్చిపోతాయి, కొన్ని ఉన్నా పలకడం మానేస్తాయి. ముక్కు లోపలి పొరలో మాస్ట్ కణాలు, ఇసినోఫిల్స్ తగ్గడం కనిపించేసరికి ఏడాది పడుతుంది. అందుకే రెండో నెలలో "ఏమీ తేడా లేదండీ" అంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

ఐజీజీ4 మంచిదా చెడ్డదా? మా అమ్మాయికి ల్యాబ్‌లో "ఫుడ్ ఇంటాలరెన్స్ ప్యానెల్" చేసి ఇరవై పదార్థాలు మానేయమన్నారు.

ఆ ప్యానెల్‌లో చాలావరకు కొలిచేది ఐజీజీ, లేదా ఐజీజీ4. అది పెరిగిందంటే ఆ పదార్థం మీ అమ్మాయి తింటోందని, ఒళ్లు దాన్ని చూసి అలవాటు పడిందని అర్థం. అలర్జీ అని కాదు. రోజూ పెరుగన్నం తినే పిల్లకి పాల మీద ఐజీజీ4 ఉండకపోతే వింత. ఆ రిపోర్టు చూసి పాలు, గుడ్డు, గోధుమ మాన్పించి, ఎదిగే పిల్లని సగం కడుపుతో ఉంచడం తప్పు. ఇక్కడ నేను మొహమాటపడను.

ఇమ్యునోథెరపీలో ఐజీజీ4 పదిరెట్ల నుంచి వందరెట్ల దాకా పెరుగుతుంది. ఐజీఈ దాకా పోనివ్వకుండా దుమ్ము ప్రోటీన్‌ని ముందే, గేటు దగ్గరే పట్టుకుని ఆపుతుంది, పైగా తను మాత్రం మంట పెట్టదు. తేనెటీగల పెంపకం చేసేవాళ్లని చూసి దీని గురించి చాలా నేర్చుకున్నారు. సీజన్లో కుట్లు పడుతూనే ఉన్నా చాలామందికి ఏమీ కాదు, వాళ్ల రక్తంలో తేనెటీగ విషం మీద ఐజీజీ4 దండిగా ఉంటుంది, సీజన్లో కుట్టించుకున్న కొద్ది రోజుల్లోనే ఐఎల్-10 వదిలే టీ కణాలు పెరుగుతాయి. అయితే ఐజీజీ4 ఎంత పెరిగితే పిల్లాడికి అంత తగ్గుతుందని లెక్క కట్టలేం. అంకె కన్నా అది అడ్డుకునే తీరు ముఖ్యం.

పెద్దయ్యాక చూద్దాం అనుకోవచ్చా? చిన్నప్పుడే ఎందుకు?

ఒకటి, పిల్లల్లో థైమస్ గ్రంథి పెద్దగా, చురుగ్గా ఉంటుంది, కొత్త టీ కణాలు అక్కడి నుంచి వస్తూనే ఉంటాయి. యుక్తవయసు నుంచి అది కుంచించుకుపోతుంది. రెండు, అలర్జీ జ్ఞాపకం పిల్లల్లో ఇంకా పూర్తిగా గట్టిపడదు. మొదట ఒక్క మైట్‌తో మొదలైన పిల్లాడికి ఏళ్లు గడిచేకొద్దీ బొద్దింక, పుప్పొడి, పిల్లి అంటూ జాబితా పెరుగుతుంది. ముందే మొదలుపెడితే ఆ పెరుగుదల ఆగుతుందా అంటే, కొన్ని అధ్యయనాలు ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి.

ఉబ్బసం విషయంలో ఆధారాలు ఇంకొంచెం గట్టివి. ఉత్తర ఐరోపాలో పాట్ అనే అధ్యయనంలో గడ్డి లేదా బర్చ్ చెట్టు పుప్పొడి పడని 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు 205 మందిని తీసుకుని, సగం మందికి మూడేళ్లు ఇంజెక్షన్లిచ్చారు. మొదలుపెట్టిన పదేళ్ల తర్వాత చూస్తే, మొదట్లో ఉబ్బసం లేని పిల్లల్లో ఇంజెక్షన్లు తీసుకున్న 64 మందిలో 16 మందికి, తీసుకోని 53 మందిలో 24 మందికి ఉబ్బసం వచ్చింది. తర్వాత 812 మంది పిల్లలతో గడ్డి పుప్పొడి మాత్రలు పెట్టి చేసిన గ్యాప్ అధ్యయనం ఇంత స్పష్టంగా తేలలేదు. ఉబ్బసం నిర్ధారణ అయ్యే సమయంలో తేడా రాలేదు, కానీ ఉబ్బసం లక్షణాలు, మందుల వాడకం తగ్గాయి. అందుకని "ఇది వేయిస్తే ఆస్తమా రాదు" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

ఇంజెక్షన్లు సాధారణంగా ఐదేళ్లు దాటాక మొదలుపెడతారు. దానికి కణాల కంటే మామూలు కారణమే పెద్దది, గొంతు బిగుసుకుంటోందని నోరు తెరిచి చెప్పగలిగే వయసు రావాలి.

అమెరికాలో ఉన్న మా మనవడికి పల్లీలు పడవు. పల్లీలే తినిపిస్తారట, నిజమేనా?

నిజమే, కానీ ఇంట్లో చేసే పని కాదు. పల్లీ పొడిని మిల్లీగ్రాముల్లో మొదలుపెట్టి పెంచే ఓరల్ ఇమ్యునోథెరపీ అది. అక్కడ పాల్‌ఫోర్జియా అనే మందుకి 2020లో 4 నుంచి 17 ఏళ్లవాళ్లకి, 2024లో 1 నుంచి 3 ఏళ్లవాళ్లకి అనుమతి వచ్చింది.

వయసు ఎంత తేడా తెస్తుందో చూపించింది ఇంపాక్ట్ అనే అధ్యయనం. నాలుగేళ్లలోపు పిల్లలు 146 మంది, వాళ్లలో 96 మందికి 134 వారాల పల్లీ చికిత్స, మిగతావాళ్లకి ఉత్తుత్తి పొడి. చివర్లో చికిత్స పొందినవాళ్లలో 71 శాతం మంది పల్లీలను తట్టుకున్నారు. ఆ తర్వాత 26 వారాలు పల్లీలు పూర్తిగా మానిపించి మళ్లీ పరీక్షిస్తే 21 శాతం మందిలో ఆ శక్తి నిలిచింది. ఎవరిలో నిలిచిందంటే, మరీ చిన్నవాళ్లలో, మొదట్లో పల్లీ ఐజీఈ తక్కువ ఉన్నవాళ్లలో. తట్టుకున్నా ఆ శక్తి నిలవనివాళ్లలో మాస్ట్ కణాలు, బేసోఫిల్స్ నోరు మూసుకున్నాయి గానీ కింద ఉన్న జ్ఞాపకం చెరగలేదు. రోజూ తింటేనే రక్షణ. కొద్దిమందిలో అన్నవాహికలో ఇసినోఫిల్స్ పేరుకుని మింగడం కష్టమవుతుంది, వాంతులవుతాయి, అప్పుడు ఆపాల్సి వస్తుంది.

ఇంజెక్షన్లా, నాలుక కింద చుక్కలా?

చుక్కలు, మాత్రల దారి వేరు. నోటి పొరలో ఉండే లాంగర్‌హాన్స్ కణాలు (ఇవీ డెండ్రిటిక్ రకమే) మొదటినుంచీ సర్దుకుపోయే స్వభావం ఉన్నవి, ఎందుకంటే రోజూ రకరకాల తిండి వాటి మీదుగానే పోతుంది కదా. అక్కడ మాస్ట్ కణాలు కూడా తక్కువే, అందుకే తీవ్రమైన రియాక్షన్లు అరుదు. కానీ రోజూ వేయాలి, కాసేపు నాలుక కింద ఉంచాలి. రెండు నెలలకే ఆ సీసా ఫ్రిజ్ మూలకి చేరే ఇళ్లలో నెలనెలా ఇంజెక్షనే నయం.

ఏడాదికే పిల్లాడు బాగైపోయాడు. ఇక ఆపేయొచ్చు కదా?

ఆపకండి. గడ్డి పుప్పొడి మీద రెండేళ్లు మాత్రమే చికిత్స ఇచ్చి ఆపేసి చూసిన అధ్యయనం 2017లో వచ్చింది. చికిత్స నడిచినంతకాలం బాగున్నారు, ఆపిన ఏడాదికి ఏమీ తీసుకోనివాళ్లతో సమానమైపోయారు. మూడేళ్లు పూర్తిచేసిన వాళ్లలో మాత్రం ఆపిన తర్వాత కూడా ఏళ్లపాటు గుణం నిలిచింది. మూడు నుంచి ఐదేళ్లు అనేది ఇలా వచ్చిన లెక్కే.

ఎందుకిలా అంటే, రక్తంలో తిరిగే ఐజీఈ ఆయువు రెండు మూడు రోజులే. అయినా అలర్జీ దశాబ్దాలు ఉంటుంది. ఆ జ్ఞాపకం ఎక్కడ దాక్కుంటోందన్నది చాలాకాలం తేలలేదు. 2024లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా, ఐజీజీ వేషంలో ఉండి, అలర్జీ కారకం మళ్లీ తగలగానే ఐజీఈ తయారీకి మారిపోయే జ్ఞాపక బీ కణాలను చూపించాయి. లక్షణాలు తగ్గిన మొదటి ఏడాదిలో ఈ కణాలు ఎక్కడికీ పోవు.

రోగనిరోధక శక్తి తగ్గిపోతుందా? టీకాలు వేయించొచ్చా?

తగ్గదు. పెరిగే టీ-రెగ్‌లు ఆ ఒక్క అలర్జీ ప్రోటీన్‌ని గుర్తుపట్టేవి. స్టెరాయిడ్ మాత్రల్లా మొత్తం వ్యవస్థని అణిచేది కాదిది. టీకాలన్నీ వేయించాలి, అదే రోజున కాకుండా ఓ వారం ఎడం పెడతారు. జ్వరం ఉన్నప్పుడు, ఆయాసం ఉన్నప్పుడు ఆ డోసు వాయిదా వేయించండి.

ప్రాణం మీదకి వచ్చే ప్రమాదం ఉందా?

ఉంది, చాలా అరుదుగా. అమెరికాలో పాత లెక్కల ప్రకారం సుమారు 25 లక్షల ఇంజెక్షన్లకు ఒక మరణం. అలాంటి సందర్భాల్లో ఎక్కువగా కనిపించిన విషయం ఉబ్బసం అదుపులో లేకపోవడం. అందుకే పిల్లికూతలు వినిపిస్తున్న రోజు ఇంజెక్షన్ వేయకూడదు. వేశాక 30 నిమిషాలు అక్కడే కూర్చోవాలి, తీవ్రమైనవి చాలావరకు ఆ సమయంలోనే బయటపడతాయి. "స్కూల్‌కి టైమవుతోంది సార్" అని లేచి వెళ్లిపోకండి. మీరు వెళ్లేచోట అడ్రినలిన్ సిద్ధంగా ఉందా అని అడగండి, అది తొడ కండకి ఇవ్వాల్సిన మందు, అవిల్‌తో సరిపెట్టేది కాదు. అలా అడిగితే నొచ్చుకునే చోటికి మళ్లీ వెళ్లక్కర్లేదు. చేతి మీద వాపు, దురద మాత్రం మామూలే.

మా పాపకి పన్నెండు అలర్జీలున్నాయని అన్నీ కలిపి ఒకే సీసా చేశారు. పనిచేస్తుందా?

నాకైతే నమ్మకం తక్కువ. టెస్టులో దద్దురు రావడం వేరు, అది పిల్లని నిజంగా బాధపెట్టడం వేరు. వయ్యారిభామ పుప్పొడికి దద్దురు వచ్చినా, లక్షణాలు ఏడాది పొడుగునా పక్క మీదే ఎక్కువగా ఉంటే అసలు దోషి మైటే కావచ్చు. పైగా బొద్దింక, బూజు సారాల్లో ఉండే ఎంజైములు సీసాలోనే పుప్పొడి ప్రోటీన్లని కొరికేస్తాయి. పన్నెండు కలిపితే ఒక్కోదాని మోతాదు పలచబడుతుంది, చాలీచాలని మోతాదుకి టీ-రెగ్‌లు కదలవు. "వీటిలో ముఖ్యమైనవి ఒకటి రెండు ఏవి, ఎందుకు?" అని అడగండి.

మృగశిర కార్తెకి నాంపల్లిలో చేప ప్రసాదం ఇప్పిస్తే సరిపోదా అని మా అత్తగారు అంటున్నారు.

నమ్మకం మీ ఇంటి విషయం, అత్తగారితో గొడవపడమని చెప్పను. కానీ కొరమీను పిల్లతో మింగే ఆ మందు పైన చెప్పిన కణాల్లో దేన్నైనా మారుస్తుందని చూపించిన ఆధారం లేదు. పిల్లల్ని తీసుకెళ్తే ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్లండి, వచ్చాక మానకండి. చేప పడని పిల్లలైతే అసలు వద్దు.

మరి పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

క్యాలెండర్‌తో. వారంలో ఎన్ని రాత్రులు దగ్గుతో లేచాడు, నెలలో ఎన్నిసార్లు నీలం ఇన్‌హేలర్ వాడాల్సి వచ్చింది, ఎన్ని సెట్రిజిన్లు పడ్డాయి, ఎన్ని రోజులు స్కూల్ పోయింది, ఇవి రాసుకోండి. కిందటేడాది ఇదే సీజన్‌తో పోల్చండి, కిందటి వారంతో కాదు. సరైన మోతాదు అందుతూ ఏడాది గడిచినా ఏ గీతా కదలకపోతే అప్పుడు డాక్టరుని గట్టిగా అడగాలి. మొదట ఎంచుకున్న అలర్జీ సరైనదేనా, సారం నాణ్యమైనదేనా, డోసు నిండుగా అందుతోందా అని. అలాంటప్పుడు ఆపేయడం కూడా సరైన నిర్ణయమే.

ఎండాకాలం కరెంటు పోతే సీసా పాడవుతుందా?

రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. గంటా రెండు గంటలు కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే చాలు. తలుపు అరల్లో కాకుండా మధ్య అరలో పెట్టండి. కొందరు జాగ్రత్త ఎక్కువై డీప్ ఫ్రీజర్‌లో పెడుతుంటారు, గడ్డకట్టిన సీసా కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా వాడకూడదు, ఇంకోటి తెచ్చుకోవాల్సిందే.